కరకట్ట మీద అద్దె సైకిలు

మోపిదేవికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఆ ఊరు రెండు గంటల పని. తెల్లవారుజామున బయల్దేరిన కారు గుడి ముందు ఆగుతుంది. పుట్టలో పాలు పోస్తారు. పిల్లకు చెవులు కుట్టిస్తారు, లేదా పిల్లాడికి అన్నప్రాసన చేయిస్తారు. ప్రసాదం చేతికొచ్చాక ఎవరో ఒకరు, "ఇంత దూరం వచ్చాం, హంసలదీవి కూడా చూసేసి పోదాం" అంటారు. అద్దాలు ఎత్తుకుని, ఏసీ వేసుకుని, అవనిగడ్డ, కోడూరు దాటేసి సముద్రం దగ్గర తేలతారు. ఫొటోలు దిగి, చీకటి పడేలోగా మళ్లీ విజయవాడ దారి పడతారు. దివిసీమ మొత్తం వాళ్ల కారు కిందుగా వెళ్లిపోయింది, కళ్ల ముందుకు మాత్రం రాలేదు.

ఈ సీమను చూడాలంటే సైకిలెక్కాలి. ఆరోగ్యం కోసం చెబుతున్న మాట కాదిది, నేల తయారైన తీరును బట్టి చెబుతున్నది. కృష్ణమ్మ వేల ఏళ్లపాటు మోసుకొచ్చి పోసిన ఒండ్రు ఇది. మోపిదేవి నుంచి సముద్రం దాకా ఎక్కడా గుట్ట కనపడదు. ఎత్తు అనేది ఏదైనా ఉంటే అది మనిషి పోసిందే: కరకట్ట, కాలువ గట్టు, వంతెన. బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు సాగాయి. కాలువలతోపాటు గట్లు లేచాయి, గట్ల మీద బాటలు పడ్డాయి. కేఈబీ అని అందరూ పిలిచే కృష్ణా తూర్పు గట్టు కాలువ ఇటుగా వచ్చి, పులిగడ్డ అక్విడక్టు మీదుగా నదీపాయను దాటి దివి లంకలోకి దిగుతుంది. కింద నది, పైన కాలువ. అది కట్టకముందు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, ఆయిలింజన్లు పెట్టి నదిలోంచి నీళ్లు తోడి దివి పొలాలకు పారించారు. అంత కష్టపడి తెచ్చుకున్న నీళ్ల వెంట నడిచే దారులే ఇప్పటికీ ఇక్కడ అసలైన దారులు.

ఇంకో సంగతి. కరకట్ట కింద రోడ్డు మీద కారులో వెళ్తుంటే మీకు ఒకపక్క కనపడేది మట్టి గోడ మాత్రమే. అదే కట్ట మీద సైకిలు సీటులో కూర్చుంటే రెండు లోకాలు ఒక్కసారే కనపడతాయి. నది వైపు లంక భూములు: అరటి, పసుపు, కంద, తమలపాకు తోటలు. ఇవతలి వైపు పల్లంలో వరి. కోతకు కొన్నాళ్ల ముందే వరి చేలో మినుములు చల్లేస్తారు, ఆ తేమకే మొలకెత్తుతాయి. డిసెంబరు ఆఖర్లో ఈ దారిన వస్తే కోసిన దుబ్బుల మధ్య మినుము మొక్క రెండాకులు వేసి నిలబడి ఉంటుంది. కారు వేగంలో అది ఉత్త ఆకుపచ్చ రంగు. సైకిలు మీద అయితే ఏ చేను ముందు చల్లారో, ఏ చేను వెనకబడిందో కూడా తెలుస్తుంది.

గంటకు పావలా

అద్దె సైకిలు తెలుగువాళ్లకు కొత్తగా ఎవరో నేర్పాల్సిన విషయం కాదు. యాభై దాటినవాళ్లను ఎవర్ని కదిపినా ఒక అద్దె సైకిళ్ల షాపు గుర్తుంటుంది. రేకుల షెడ్డు, ముందు వరసగా స్టాండు వేసిన సైకిళ్లు, వెనక మడ్‌గార్డు మీద తెల్ల పెయింటుతో నంబరు. షాపాయన చేతిలో నూనె మరకలు పడ్డ నోటు పుస్తకం. పేరు, తండ్రి పేరు, టైము రాసుకునేవాడు. గంటకు పావలా అని గుర్తు. తెలియనివాళ్లకు ఇచ్చేవాడు కాదు, తెలిసినవాళ్లు హామీ ఉండాల్సిందే. పెద్ద సైకిలు మీద కాలు అందని పిల్లలు బారు కిందనుంచి కాలు దూర్చి అరపెడల్ తొక్కేవారు. గంట దాటితే పావుగంటకు లెక్క కట్టేవాడు గనక, ఆఖరి ఐదు నిమిషాలూ ప్రాణం మీదికి వచ్చినట్టు తొక్కేవాళ్లం.

మోటారు సైకిళ్లు, ఆటోలు, సెల్‌ఫోన్లు వచ్చాక ఆ షాపులు ఒక్కొక్కటే పంక్చరు షాపులయ్యాయి. ఇప్పుడు ఈ గట్ల మీద కొత్త సైకిలు కనపడిందంటే చాలావరకు హైస్కూలు ఆడపిల్లదే. ప్రభుత్వం 'బడికొస్తా' అని పేరు పెట్టి ఇచ్చిన సైకిళ్లు ఎన్నో ఊళ్లలో ఆ పిల్లల చదువును పదో తరగతి దాకా లాక్కొచ్చాయి. మిగతావి పొలానికి వెళ్లే పెద్దవాళ్లవి. క్యారియరుకు గడ్డిమోపు, హ్యాండిలుకు క్యాను.

మోపిదేవిలో నాకు సైకిలు దొరికింది కూడా పంక్చరు షాపులోనే. అద్దెకిస్తామని బోర్డు ఏమీ లేదు. అడిగితే, మూలనున్న పాత బండికి గాలి కొట్టి, బ్రేకు రబ్బర్లు సరిచేసి ఇచ్చాడు. రోజుకింత అని అప్పటికప్పుడు అనుకున్నాం. ఇరవై ఒక్క గేర్ల సైకిలు ఈ నేలకు అక్కర్లేదు, ఎక్కడా ఎత్తు ఎక్కేది లేదు. కావలసినవి వేరే: గట్టి క్యారియరు, వెడల్పు సీటు, అరగని టైరు. మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య రెండు వేళ్లు పట్టే సందు ఉండాలి. ఈ ఆఖరిది ఎందుకో వానాకాలంలో వస్తే తెలుస్తుంది. తారు దిగి డొంక దారి పట్టగానే బంకమట్టి చక్రానికి చుట్టుకుంటుంది. నాలుగు బారలు వెళ్లేసరికి మట్టి మడ్‌గార్డు కింద బిగుసుకుని చక్రం తిరగడం మానేస్తుంది. అప్పుడు దిగి, ఏ కంపపుల్లో తీసుకుని, గీకి, మళ్లీ నాలుగు బారలు. రైతులు కొందరు మడ్‌గార్డులే ఊడదీసి తిరగడం అందుకే.

పెదకళ్లేపల్లి వైపు

మొదటిరోజు ఉత్తరాన, నది ఒడ్డు దారి పట్టమని నా సలహా. దూరం తక్కువ, చూడాల్సింది ఎక్కువ. పెదకళ్లేపల్లి మోపిదేవి మండలంలోనే ఉంది. దుర్గా నాగేశ్వరస్వామి గుడి, ముందు కృష్ణ. ఇక్కడ నది ఉత్తరానికి తిరుగుతుంది గనక ఈ ఊరిని దక్షిణ కాశి అంటారు.

ఈ ఊరి గురించి తెలుగువాళ్లంతా తెలుసుకోవాల్సింది మరొకటుంది. త్యాగరాజస్వామి శిష్యపరంపరలో చదువుకున్న సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి ఇక్కడే ఉండి పాఠం చెప్పారు. పక్కనున్న శ్రీకాకుళంలో పుట్టిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు ఆయన దగ్గరే సంగీతం నేర్చారు. పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. అంటే కావేరి ఒడ్డున మొదలైన ఒక పాట, ఈ కృష్ణ ఒడ్డు పల్లెలో మజిలీ చేసి, అక్కణ్నుంచి ఆంధ్రదేశమంతా పాకింది. సినిమా సంగీత దర్శకుడు సుసర్ల దక్షిణామూర్తిదీ ఈ వంశమే, ఈ ఊరే. రాగిరేకులు పరిశీలించి అన్నమయ్య కీర్తనలను వెలుగులోకి తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన వేటూరి ప్రభాకరశాస్త్రి 1888లో ఇక్కడ పుట్టారు. ఆ ఇంటివాడే అయిన సినిమా పాటల కవి వేటూరి సుందరరామమూర్తి 1936లో పుట్టారు. ఇంతమంది ఒక్క ఊళ్లో ఎలా పుట్టుకొచ్చారని తొక్కుతున్నంతసేపూ ఆలోచిస్తూనే ఉన్నాను. శిష్యులు నెలల తరబడి ఇక్కడే ఉండి, నది ఒడ్డున తెల్లారి సాధకం చేసిన రోజులు ఉండబట్టే అనుకుంటాను. గురువున్న చోటు చిన్నదైనా పాఠం చిన్నది కాదని ఆ రోజుల్లో అందరికీ తెలుసు.

కరకట్ట వెంబడే ఇంకా పైకి వెళ్తే శ్రీకాకుళం. ఉత్తరాంధ్ర జిల్లా కాదు, ఘంటసాల మండలంలోని పల్లె. ఇక్కడి ఆంధ్ర మహావిష్ణువు గుడిలో విడిది చేసినప్పుడే శ్రీకృష్ణదేవరాయలకు స్వామి కలలో కనపడి, తెలుగులో కావ్యం రాయమన్నాడని 'ఆముక్తమాల్యద' అవతారికలో ఉంది. ఒడిశా మీద దండయాత్రకు వెళ్తున్న చక్రవర్తి ఆగిన చోటు ఇది. ఈ దేవుణ్ని మొహమాటం లేకుండా నిలదీస్తూ 'ఆంధ్రనాయక శతకం' రాసిన కాసుల పురుషోత్తమకవిది ఇక్కడికి దగ్గరే, పెదప్రోలు. ఇదే ఊరి నేపథ్యంలో వేటూరి సుందరరామమూర్తి 'సిరికాకొలను చిన్నది' అనే సంగీత నాటకం రాశారు. పెదకళ్లేపల్లి నుంచి శ్రీకాకుళానికి సైకిలు మీద వచ్చినవాడికి ఆ నాటకం ఆ కవికి ఎందుకు తట్టిందో వేరే చెప్పనక్కర్లేదు. ఈ రెండూ ఒకే కట్ట మీద ఉన్న ఊళ్లు.

వెనక్కి వచ్చేటప్పుడు కట్ట దిగి ఘంటసాల, చల్లపల్లి మీదుగా రావచ్చు. ఘంటసాలలో బౌద్ధ మహాచైత్యం దిబ్బ, పక్కన పురావస్తు శాఖ మ్యూజియం. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాసుకున్న కంటకోస్సిల రేవు ఇదేనని పరిశోధకులు గుర్తించారు. సముద్రం ఇప్పుడు ఎక్కడో ఉంది. కృష్ణ పోసిన ఒండ్రుతో తీరం ముందుకు జరిగిపోగా, ఒకప్పటి రేవు వరిచేల మధ్య మిగిలిపోయింది. ఆ దూరమెంతో మ్యాపులో చూస్తే తెలియదు, కాళ్లతో తొక్కితే తెలుస్తుంది. చల్లపల్లి రోడ్ల చెట్లనూ పూలమొక్కలనూ చూసి ఇది పంచాయతీ పని అనుకోకండి. 2014 నుంచి 'స్వచ్ఛ చల్లపల్లి' కార్యకర్తలు తెల్లవారకముందే చీపుళ్లు, పారలు పట్టుకుని వచ్చి ఊరు శుభ్రం చేస్తున్నారు. ఆ నీడలో తొక్కుతున్నప్పుడు వాళ్లకు మనసులోనైనా దండం పెట్టాలి.

దక్షిణాన ఉప్పునేల

రెండోరోజు సముద్రం. మోపిదేవి నుంచి హంసలదీవి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది కాబట్టి చీకటితోనే బయల్దేరాలి. దీనికి గాలి లెక్క ఒకటుంది. మాఘ, ఫాల్గుణాల్లో పొద్దున్నే నేల మీది గాలి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది, అది మన వీపుకు తగులుతుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేచి లోపలికి వీస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు అదీ వీపుకే తగులుతుంది. పది గంటలకు బయల్దేరి సాయంత్రంలోపు సముద్రం చేరదామనుకున్నవాడు మాత్రం దారి పొడుగునా గాలికి ఎదురు తొక్కాలి.

పులిగడ్డ దగ్గర కాసేపు ఆగండి. కృష్ణ ఇక్కడ పాయలుగా చీలుతుంది, ఆ పాయల మధ్యదే దివి లంక. వేసవిలో వస్తే నది కనపడదు, ఇసుక కనపడుతుంది. రాజస్థాన్ వెళ్లి ఎడారి చూడాలనుకునే మన పిల్లలకు ఏప్రిల్‌లో కృష్ణ గర్భం చూపించాలి. కనుచూపు మేర తెల్లటి మేటలు, మిట్ట మధ్యాహ్నం ఎండమావులు. అదే నది 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి దిగి వచ్చింది. లంక తోటలు రోజుల తరబడి నీళ్లలో నానాయి, కట్ట లోపలి ఊళ్లకు పడవలే దిక్కయ్యాయి. కరకట్ట మట్టి మీద జనానికున్న భక్తి గుడి మీదున్న భక్తికి తక్కువ కాదు.

అవనిగడ్డలో టిఫిను. డీఎస్సీ కోచింగు కోసం రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చి గదులు అద్దెకు తీసుకున్న కుర్రాళ్లు, ఆడపిల్లలు హోటళ్ల ముందు పుస్తకాలతోనే కనపడతారు. కోడూరు దాటాక భూమి మారిపోవడం మొదలవుతుంది. వరి పలచబడుతుంది, రొయ్యల చెరువులు ఎక్కువవుతాయి, చెరువుల్లో తిరిగే చక్రాల చప్పుడు వినపడుతుంది. తాడిచెట్లు, ఆ తర్వాత సరుగుడు తోటలు. గాలిలో ఉప్పు తెలుస్తుంది. హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి దాటి పాలకాయతిప్ప వైపు తిరిగితే అసలు నేలే కనపడదు, ఉప్పు కనపడుతుంది.

ఈ చోటు దగ్గర కొంచెం నిలవాలి. పోటుకు నీళ్లు ఎక్కి, పాటుకు దిగిపోయి, ఎండకు ఆరిన చవుడు ఇది. పైన పలచగా తెల్లటి పొర. సైకిలు చక్రం దాని మీద పోతుంటే అప్పడం విరిగినట్టు సన్నగా చప్పుడవుతుంది, వెనక్కి చూస్తే తెల్లటి నేల మీద నల్లటి గీత. అక్కడక్కడా ఎర్రబారిన ఉప్పుమొక్కల గుబుర్లు, సర్కారు తుమ్మ కంప. ఆ తుమ్మముల్లు టైరును లెక్కచేయదు. పంక్చరు సామాను వెంట లేకుండా ఇటు రావద్దు: అతుకు ముక్కలు, సొల్యూషను, చేతి పంపు. గాలి బుడగ చూసుకోవడానికి పక్కనే కాలువ నీళ్లుంటాయిలే అనుకుంటాం గానీ, ఉప్పునీళ్లలో ముంచిన ట్యూబును మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాకే అతుకు నిలుస్తుంది. నెత్తిన నీడ ఉండదు. రెండు సీసాల నీళ్లు తెచ్చుకున్నవాడికి మూడోది కూడా తెచ్చుకోవాల్సిందనిపిస్తుంది. ఎడారి ఊళ్లకు సైకిలు మీద వెళ్లేవాళ్లకు చెప్పే జాగ్రత్తలన్నీ ఈ నాలుగు కిలోమీటర్లకూ పనికొస్తాయి.

ఈ చదును నేలే 1977 నవంబరు 19న ఉప్పెనకు దారి ఇచ్చింది. అడ్డం నిలిచే గుట్ట లేదు, దిబ్బ లేదు. తాటిచెట్టు ఎత్తు నీళ్లు వచ్చాయని బతికి బయటపడ్డవాళ్లు ఇప్పటికీ చెబుతారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, ఎదురుమొండి... ఒక్క రాత్రిలో ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. అధికారిక లెక్కల్లోనే చనిపోయినవాళ్లు పదివేల దాకా ఉన్నారు, అసలు లెక్క అంతకు చాలా ఎక్కువని ఇక్కడివాళ్లంతా అంటారు. ఆ తర్వాత కట్టిన తుఫాను షెల్టర్లు ఇప్పటికీ ఊరూరా దారి పక్కన కనపడతాయి. సైకిలు మీద వస్తున్నప్పుడు ఒక షెల్టరుకూ మరో షెల్టరుకూ మధ్య ఎంతసేపు పడుతుందో చూడండి. అవేవీ లేని ఆ రాత్రి, చేతిలో పిల్లల్ని పట్టుకుని చీకట్లో పరుగెత్తినవాళ్లకు దూరం ఎంతనిపించి ఉంటుందో కొంచెమైనా అర్థమవుతుంది. పాలకాయతిప్పకు వచ్చి అలల ముందు ఫొటో దిగే ప్రతివాళ్లకూ ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పేవాళ్లు ఆ దారిలోనే ఉన్నారు. కారు ఆపని కారణంగా వినపడటం లేదు, అంతే. సైకిలాయన టీ కొట్టు దగ్గర ఆగకుండా వెళ్లలేడు, ఆగితే ఎక్కణ్నుంచి అని అడగకుండా వాళ్లు ఉండలేరు.

ఇంకా ఓపిక ఉన్నవాళ్లు నాగాయలంక వైపు తిరగవచ్చు. ఏటిమొగలో సైకిలుతో సహా పంటు ఎక్కి పాయ దాటితే ఎదురుమొండి. అవతల మడ అడవులు. 1989లో ప్రకటించిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం సుమారు 195 చదరపు కిలోమీటర్లు, బావురుపిల్లికి పెట్టింది పేరు. అడవిలోకి సైకిలు దారి లేదు, ఉండకూడదు కూడా. అక్కడికి పడవే, అదీ అటవీ శాఖ అనుమతితోనే. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి, ఆ నెలల్లో రాత్రిపూట ఇసుక మీద సైకిలు తిప్పకండి.

ఏం కావాలి?

హంపీలో విరూపాక్షుడి గుడి చుట్టుపక్కల అద్దె సైకిళ్లు దొరుకుతాయి. పొద్దున తీసుకున్నవాళ్లు శిథిలాలన్నీ తిరిగి సాయంత్రం అప్పజెబుతారు. శ్రీలంకలో పొలొన్నరువ చూడటానికి వెళ్లినవాళ్లకు మొదట చెప్పే మాట సైకిలు అద్దెకు తీసుకోమనే. ఈ చోట్లన్నిటికీ పక్క ఊళ్లో ఒక రాత్రి ఉండిపోయే యాత్రికులు దొరికారు, దాంతో చిన్న చిన్న హోటళ్లు, గదులు, పనులు పుట్టాయి. మోపిదేవికి జనం కొరత లేదు. ఆదివారాలు, షష్ఠి రోజులు కాలు పెట్టే సందుండదు. వాళ్లలో పదిమందిని ఒక్క పూట ఊళ్లో నిలిపే పని కావాలి.

దానికి పెద్ద ప్రాజెక్టులు, శంకుస్థాపనలు అక్కర్లేదు. దేవస్థానం వాకిట్లో పాతిక సైకిళ్లు, ఆధారు కార్డు చూపించి తీసుకునే ఏర్పాటు, వాటిని చూసుకునే ఇద్దరు స్థానిక కుర్రాళ్లు ఉంటే మొదలుపెట్టవచ్చు. దారి చూపడానికి బెల్జియంలోని లింబర్గ్ పద్ధతి నాకు బాగా నచ్చింది. బొగ్గు గనులు మూతపడి ఊళ్లు దిగాలుపడిన కాలంలో హ్యూగో బొల్లెన్ అనే గని ఇంజనీరు అక్కడి సైకిలు దారులు కలిసే ప్రతి కూడలికీ ఒక నంబరు వేయమన్నాడు. గనిలో దారులకు నంబర్లుండేవి, ఆ అలవాటే పైకి తెచ్చాడు. 1995లో మొదలైన ఆ పద్ధతి ఇప్పుడు బెల్జియం, నెదర్లాండ్స్ అంతటా ఉంది. పోయేవాడు నాలుగు నంబర్లు కాగితం మీద రాసుకుంటే చాలు, మ్యాపు అక్కర్లేదు. అదీ కాలువల దేశమే, గట్ల దేశమే. మన కేఈబీ మీద ప్రతి లాకుకూ, ప్రతి తూముకూ, కరకట్ట దిగే ప్రతి డొంకకూ తెలుగు అంకెతో ఒక రాయి పాతితే పిల్లలు కూడా దారి తప్పకుండా శ్రీకాకుళం వెళ్లి వస్తారు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా కోరుకోవాలి. కరకట్టను వెడల్పు చేసి కార్లకు వదిలేయమని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కొన్ని చోట్ల ఇప్పటికే టిప్పర్లు తిరిగి కట్ట అంచులు కరిగిపోయాయి. ఇటు హైవే ఉంది, కార్లు దాని మీద పోనీ. కట్ట పొలానికి వెళ్లేవాళ్లకూ, బడికెళ్లే పిల్లలకూ, సైకిళ్లకూ మిగలాలి. వరదొచ్చిన రోజున ఆ కట్టను కాపాడేది కూడా దాని మీద రోజూ నడిచేవాళ్లే. ఎక్కడ పగులు తీసిందో, ఎక్కడ పందికొక్కు బొరియ చేసిందో ముందు చూసేది వాళ్లు. కార్లో పోయేవాళ్లు కాదు.

వచ్చేవాళ్లు కార్తీకం నుంచి ఫాల్గుణం లోపు రండి. మాఘ పౌర్ణమికి హంసలదీవి జాతరలా ఉంటుంది, జనం కావాలనుకుంటే అప్పుడు, దారి కావాలనుకుంటే వేరే రోజు. కట్ట మీద దీపాలుండవు కాబట్టి పొద్దుగూకేలోగా మోపిదేవి చేరిపోవాలి. బండి తిరిగి ఇచ్చే ముందు షాపాయన నాతో అన్నమాట మీకూ పనికొస్తుంది: "ఉప్పుగాలి చైను తినేసిద్దండీ. మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, రెండు చుక్కలు ఆయిలేసి ఇవ్వండి. రేపు పొద్దున ఇంకోళ్లకి కావాలి గదా."